డుగల్ వేసిన నేల

మా పక్కింటి డుగల్ మాంసం ఫ్యాక్టరీలో కత్తి పట్టినవాడు, రిటైరయ్యాక రంపం పట్టాడు. సముద్రపొడ్డునున్న మా ఒమారులో పెరటి షెడ్డు లేని మగవాడికి కాళ్లు చాపుకునే చోటే ఉండదు. పాత షెడ్డు పుచ్చి కూలింది. కొత్తదానికి పునాది మొద్దులు పాతి, దూలాలు పరిచి, వాటిమీద ప్లైవుడ్ నేల వేశాడు. నేల సమంగా ఉందో లేదో చూసే రసమట్టం పట్టుకోవడం నా పని.

"గోలీ పెట్టి చూడు మేవిస్, కదిలితే నా పేరు మార్చేసుకుంటా!"

"పేరు సంగతి సరే, ముందా మిడిసిపాటు తగ్గించు," అన్నాను. నిజం చెప్పొద్దూ, గోలీ కదల్లేదు.

అతని భార్య నోలీన్ తుంటి ఆపరేషనుకని డునెడిన్ వెళ్తూ ఒక్కటే చెప్పింది. "నేల కింద సముద్రంవైపున్న సందు మూయకు. పాత షెడ్డు కిందుండే పెంగ్విన్లు మళ్లీ వస్తాయి." ఆ పక్షులంటే ఆవిడకు ప్రాణం. ఈయనకేమో వాటి చేపకంపూ, గాడిద అరుపులూ గిట్టవు.

ఆవిడ వెళ్లిన వారానికే సందు దగ్గర తెల్లటి రెట్టలు కనబడ్డాయి. మర్నాడు మధ్యాహ్నం డుగల్ ఆ సందు మూసేయడానికి సిమెంటు కలిపాడు. సగం పోశాడో లేదో, నేల కింద గీరిన చప్పుడు.

"ఆగవయ్యా! లోపలేదో ఉంది," అన్నాను.

"చెక్క సర్దుకుంటోందిలే. సిమెంటు గట్టిపడిపోతోంది, పక్కకు జరుగు."

చెక్కట! నాకు ఒళ్లు మండిపోయి, రసమట్టం అక్కడ పడేసి ఇంటికొచ్చేశాను.

రెండు రోజుల తర్వాత, చీకటి పడే వేళకు సముద్రం నుంచి ఒక పెంగ్విన్ వచ్చి ఆ సిమెంటు ముందు నిలబడింది. సందు ఉన్నచోటనే ముక్కుతో పొడిచి, అరిచింది. ఆ అరుపుకు నేను వెళ్లేసరికి డుగల్ అక్కడే ఉన్నాడు. లోపల్నుంచి సన్నగా జవాబొచ్చింది. డుగల్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

సిమెంటు పగలగొడితే పెళ్లలు గూటిమీద పడతాయి. రంపం తెచ్చాడు. అంత ముచ్చటపడి వేసుకున్న నేలను తన చేత్తోనే కోశాడు. కింద ఆడపక్షి, రెండు గుడ్లమీద కదలకుండా కూర్చునుంది. చెయ్యి పెడితే రక్తం వచ్చేలా పొడిచింది.

"బతికే ఉంది," అంటూ అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆనక మగపక్షి దిగడానికి వాలుగా పలక పెట్టాడు.

నోలీన్ కర్రపట్టుకుని తిరిగొచ్చింది. ఆ కంత చూసి కరిగిపోయింది. పలకరించడానికి ఎవరొచ్చినా అదే మాట. "నా పక్షుల కోసం మా ఆయన బంగారంలాంటి నేల కోసేశాడు!" పొగిడినప్పుడల్లా డుగల్ టీ కప్పులోకి చూసేవాడు. నేను పెదవి విప్పలేదు. చెప్పాల్సింది అతను.

ఒకరోజు ఆవిడ మళ్లీ మొదలుపెట్టగానే కప్పు కింద పెట్టేశాడు.

"ఇంక చాలు, నోలీన్. చప్పుడు విన్నాను. విని కూడా పోశాను."

ఆవిడ తిట్టలేదు.

"ఆ రెండు రోజులూ నీకు నిద్ర పట్టిందా?" అని అడిగింది.

"పట్టింది," అన్నాడు.

పెంగ్విన్ పిల్లలు పెద్దవై సముద్రంలోకి వెళ్లిపోయాయి. షెడ్డు గోడలు లేచాయి, పైకప్పూ వచ్చింది. కంత మాత్రం అలాగే ఉంది. కొత్తవాళ్లెవరైనా అదేమిటని అడిగితే నోలీన్ ఇప్పుడు నోరు మెదపదు. డుగలే చెబుతాడు, చప్పుడు విన్న దగ్గర్నుంచి మొదలుపెట్టి.