అర్జీలో చేరిన సర్వే నంబరు

నాట్లకు వారం ముందు, పెంటపాడు కౌలు రైతు వెంకటరత్నం చేతిలోంచి ఎకరన్నర చేను పోయింది. పదకొండేళ్లుగా అతను చేస్తున్న చేను. కారణం ఒక అర్జీ. అందులో అతని సంతకం పక్కన ఆ చేను సర్వే నంబరు ఉంది. పైన, విషయం అన్నచోట, గంజాయి అన్న మాట ఉంది.

అప్పుడు నేను ఒక దినపత్రికకు తాడేపల్లిగూడెంలో స్టాఫ్ రిపోర్టర్ని. రిటైర్మెంటుకు ఏడాది ఉంది. అర్జీ ఢిల్లీకి పంపడానికి తయారవుతోంది. గంజాయిలో మత్తు దాదాపు లేని రకాలున్నాయి; జనుము నుంచి తీసినట్టే వాటి కాండం నుంచి నార తీస్తారు. నార కోసం సాగుకు అనుమతిచ్చే వీలు చట్టం రాష్ట్రాలకు ఇచ్చింది. మన దగ్గర ఇంకా ఇవ్వలేదు. ఇచ్చిననాడు లైసెన్సులన్నీ పెద్ద కంపెనీలకే పోకుండా, రెండెకరాల లోపు సాగుదారులకు వాటా ఉండాలని జాతీయ విధానంలోనే రాయమని ఆ అర్జీ కోరింది.

దాన్ని నడిపిస్తున్న రాజారావు అంతకుముందు మండవల్లి చేపల చెరువులకు మేత సరఫరా చేసేవాడు. నాకు నమ్మకం కుదరలేదు. చిన్న రైతులను ముందు పెట్టి వెనక ఏదో కంపెనీ ఉందనుకున్నాను. వీళ్లు నిజంగా సాగు చేసేవాళ్లేనని రుజువేమిటని అడిగాను. మరుసటి వారానికి అర్జీలో కొత్త గడి చేరింది: సర్వే నంబరు.

వెంకటరత్నం ఆ గడి నింపుతున్నప్పుడు పక్కనే ఉన్నాను. పోలీసులంటే భయం లేదా అన్నాను.

"మినుము వేస్తే పల్లాకు తెగులండీ, ఇది వేస్తే పోలీసులండీ. ఏదో ఒక తెగులు తప్పదు కదండీ," అన్నాడు.

మా వైపు కౌలు ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తుంది. పంట నమోదు దగ్గర కౌలుదారు యజమాని సర్వే నంబరే చెబుతాడు. చెప్పీ చెప్పీ అలవాటైపోయి అర్జీలోనూ అదే రాశాడు. తన భూమిలో గంజాయి ఉందని తెలిసీ చెప్పకపోతే యజమాని మీద కూడా కేసు పెట్టొచ్చు. ఆ సంగతి అతనికి తెలియదు. నాకు తెలుసు; చెప్పాలని తోచలేదు.

చేను వెనక్కి తీసుకున్న యజమాని తాడేపల్లిగూడెంలోనే ఉంటారు. వెళ్లి, అది నార కోసమండీ, పైగా ఇంకా విత్తనమే పడలేదండీ అన్నాను. ఆయన ఫోన్లో అర్జీ పేజీ ఫోటో చూపించారు.

"కాదనట్లేదండీ. రేపు పోలీసులు ఈ నంబరు పట్టుకొస్తే కొట్టేది మా తలుపే కదండీ. అప్పుడు మీరొచ్చి చెబుతారా?"

ఫోటో ఎవరు పంపారో చెప్పలేదు. నేను రాజారావును అనుమానించాను. "ఫోటో తీసుకున్నది మీరొక్కరే కదండీ," అని రాజారావు నన్ను అనుమానించాడు. తీసిన మాట నిజం. మా డెస్కుకు తప్ప ఎవరికీ పంపలేదు. అక్కడి నుంచి ఎక్కడికి పోయిందో విచారిస్తే తేలలేదు. వార్త అచ్చు కాలేదు. రాజారావు వెనక కంపెనీ ఉందనడానికీ ఆధారం దొరకలేదు.

వెంకటరత్నం, పెంచిన ఆకుమడిని పక్క రైతుకు వదిలేసి, చెరువుల మీద చేపలు పట్టే కూలికి వెళ్లాడు.

రుజువు అడిగేవాడు, అది ఇంకెవరి కంట పడితే ఏమవుతుందో ముందే ఆలోచించాలి. మిగిలిన ఏడాది ఆ నియమంతోనే పనిచేశాను.

అర్జీ అందినట్టు ఢిల్లీ నుంచి ఒక్క వాక్యం వచ్చింది. చిన్న సాగుదారు అంటే సొంత భూమి ఉన్నవాడేనా, కౌలుదారు కూడానా అన్నదానికి ఇంతవరకు జవాబు లేదు.