హాల్వర్ జేబులో టార్చి

హాల్వర్ టోపీ మరిచిపోయి బయటికెళ్తాడేమో గాని టార్చి మరిచిపోడు. ఉత్తర నార్వేలో ఒక సముద్రపాయ ఒడ్డున అరవై రెండేళ్లుగా ఉంటున్నాడు. జూన్‌లో సూర్యుడు అస్తమించనే అస్తమించడు, అప్పుడూ కుడి జేబు ఉబ్బెత్తుగానే ఉంటుంది.

"సూర్యుణ్ణి వెతకడానికా బాబాయ్?" అని ఆటపట్టిస్తుంది ఊరి కొట్లో సరుకులమ్మే రాన్వైగ్.

"ఎప్పుడేం ముంచుకొస్తుందో ఎవరికెరుక" అంటాడు. ఇన్నేళ్లలో ముంచుకొచ్చిందేమైనా ఉంటే అది రెండుసార్లు ఫ్యూజు పోవడమే.

ఆ టార్చి మూలంగానే ఎదుటి ఒడ్డు టోర్గ్రిమ్‌తో మాటలు పోయాయి. ఇద్దరూ ముప్పై ఏళ్లు ఒకే పడవలో చేపలు పట్టినవాళ్లు. తొమ్మిదేళ్ల కిందట నడివేసవి పండుగ మంట చుట్టూ ఊరంతా ఉండగా, "వీడు తన నీడకే దడుచుకునే రకం, అందుకే దీపం మోస్తాడు" అన్నాడు టోర్గ్రిమ్. జనం పగలబడి నవ్వారు. హాల్వర్ మాత్రం ఇక ఆ ఒడ్డు వైపు చూడనని ఒట్టేసుకున్నాడు. చూడలేదు కూడా, అంత మొండిఘటం.

డిసెంబరులో ఒక ఉదయం తాడు లాగుతుంటే టార్చి చేతిలోంచి జారి సముద్రంలో పడింది. అడుగున కాసేపు వెలిగి ఆరిపోయింది.

మధ్యాహ్నం రెండయ్యేసరికి చీకటి పడింది. ఆ వేళకు రేవు మెట్లు దిగి, పడవ తాడు మీద ఒక్కసారి వెలుగు వేసి చూసుకోవడం అతని అలవాటు. ఆ రోజు తడుముకుంటూ వెళ్లి, ముడి చేత్తోనే చూసి, వచ్చి కాఫీ పెట్టుకున్నాడు. పావుగంటలో మోటారు చప్పుడు. తలుపు తీస్తే టోర్గ్రిమ్!

హాల్వర్‌కు ఏమీ పాలుపోలేదు. పోట్లాటకొచ్చాడా? ఎవరైనా పోయారా?

"బతికే ఉన్నావా?" అన్నాడు టోర్గ్రిమ్ రొప్పుతూ.

"ఉన్నాను. ఎందుకుండను?"

"మరి వెలగలేదేం?"

"ఏది?"

"ఏదేమిట్రా, నీ టార్చి! ఒక్కసారి వెలిగితే క్షేమం, మూడుసార్లయితే పడవేసుకుని రా. మన నాన్నల కాలం నుంచీ అదేగా లెక్క! రోజూ రెండింటికి ఒక్కసారి వేస్తావు. ఇవాళ లేదు. మెట్ల మీంచి పడ్డావనుకున్నా."

"నేను తాడు చూసుకోడానికి వేస్తున్నా కదరా..."

టోర్గ్రిమ్ మొహం పాలిపోయింది. "తాడుకా? మరి నేను నీకు జవాబుగా వేస్తున్నది? తొమ్మిదేళ్లుగా?"

హాల్వర్‌కు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఏది ఎంతో తేల్చుకోలేక, "మరి వేసవిలో?" అని పిచ్చి ప్రశ్న వేశాడు.

"వేసవిలో దీపమెందుకురా, నువ్వే కనబడతావుగా."

టార్చి సముద్రంలో పడ్డ సంగతి చెప్పాడు హాల్వర్. కాఫీ తాగారు. "ఆ పండుగనాడు నేనన్నది..." అని టోర్గ్రిమ్ నసిగాడు.

"తాగు, చల్లారిపోతుంది."

వెళ్తూ వెళ్తూ టోర్గ్రిమ్ తన టార్చి బల్ల మీద పెట్టాడు. "కొత్తది కొనేదాకా ఉంచు. నీళ్లలో వేశావో, తంతా."

అవతల మోటారు ఆగాక హాల్వర్ మెట్ల మీద నిలబడి, తాడు మీద కాదు, ఎదురుగా ఒక్కసారి వెలిగించాడు. జవాబు లేదు. వాడి టార్చి తన చేతిలోనే ఉందని అప్పుడు తట్టింది. అయినా కదలబుద్ధి కాక అలాగే చూస్తుండగా, అవతలి ఒడ్డున వంటింటి దీపం ఆరి, మళ్లీ వెలిగింది.