బావ జీపుకు నేను ఎంచిన ఇంజన్

మా అక్క భర్తకు, అంటే మా బావకు, ఒక పాత డీజిల్ జీపు ఉంది. నాలుగు చక్రాలూ లాగే రకం. తిరుత్తణిలో వాళ్ళది నూలు కొట్టు. పడుగులూ నూలూ జీపులో వేసుకుని కొండ కింది పల్లెల్లో మగ్గాల ఇళ్ళకు చేర్చడం, నేసిన లుంగీలు కొట్టుకు తేవడం ఆయన పని. ఆ పల్లెల్లో చివరిది వాగుకు అవతల ఉంది. వాగులో ఎక్కువ నెలలు నీళ్ళుండవు, ఇసుకే. మిగతా కొట్లవాళ్ళ చిన్న లారీలు ఆ ఇసుకలో కూరుకుపోతాయి. బావ జీపు మాత్రం దాటుతుంది.

కొట్టులో గల్లాపెట్టె ముందు అక్క కూర్చుంటుంది. బావకు ఆ కుర్చీ పడదు. "నన్ను ఆడ కూర్చోబెడితే నెలకంతా ఫొటోకు దండేసుకోవాల్సిందే" అంటాడు. ఆయనకు జీపు నడపడమే మనిషిగా ఉండడం. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే అది.

ఇంకొక సంగతి కూడా అందరికీ తెలుసు. ఆయన ఎడమ మోకాలు మంచిది కాదు. కుర్రతనమంతా గుంట మగ్గంలో కూర్చుని తొక్కిన మోకాలు. మెట్లెక్కేటప్పుడు కుడికాలు ముందు వేసి, ఎడమకాలిని పక్కకు తెచ్చి పెట్టుకుంటాడు.

ఒకరోజు కొండ దారిలో ఇంజన్ ఆగిపోయింది. విప్పి చూస్తే సిలిండర్లుండే ఇనుప దిమ్మెకే పగులు. నూనెలో నీళ్ళు కలిసి మజ్జిగలా తెల్లగా వచ్చింది. అతికించినా నిలవదని మెకానిక్ చెప్పాడు. వేరే ఇంజన్ వెతకాలి. ఏది వెయ్యాలో తేల్చే పని నాకు పడింది.

నాకే ఎందుకంటే, నేను తిరువళ్ళూరులో బోరు మోటార్లు అమ్ముతాను. చదువు పదో తరగతి దగ్గర ఆగింది. లెక్క మాత్రం నా అంతట నేను నేర్చుకున్నాను. బోరు లోతు, నీళ్ళు నిలిచే మట్టం, పైపు సైజు, ట్యాంకు ఎత్తు చెబితే ఎన్ని గుర్రాల బలమున్న మోటారు కావాలో నోటితో చెబుతాను. నా లెక్కతో వేసిన మోటారు కాలిపోయిందని కొట్టుకు వచ్చినవాళ్ళు తక్కువ. దాంతో మా వాళ్ళకు నా మీద ఒక నమ్మకం. పెళ్ళిలో బియ్యం ఎంత వండాలన్నా, గది రంగుకు ఎన్ని డబ్బాలు కావాలన్నా నన్నే అడుగుతారు. నేను లెక్కేశానంటే ఇంక ఎవరూ నోరు తెరవరు. నిజం చెప్పాలంటే, ఎవరూ నోరు తెరవకపోవడం నాకు ఇష్టంగానే ఉండేది.

కరెంటు రైలెక్కి తిరుత్తణి వెళ్ళాను. బావ షెడ్డులో, ఇంజన్ తీసేసిన జీపు పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమి బామ్మర్దీ, బోరులో దించే మోటారు తెచ్చినావా? దాన్నే బిగించేద్దాం, నీళ్ళు కూడా పోస్తుంది."

"నీకెట్లాంటిది గావాలో చెప్పు బావా."

"నాకు ఒకటే గావాల. వాగులో దిగినాక ఫస్టు గేరులో వదిలేస్తే అదే పాకతా పోవాల, పాతదాని మాదిరి. ఈ కాలికి పని చెప్పకూడదు. అంతే."

చాలా స్పష్టంగా చెప్పాడు. నేను విన్నాను కూడా.

మద్రాసు పాత సామాన్ల అంగళ్ళన్నీ మెకానిక్‌తో కలిసి తిరిగాను. చివరికి రెండు ఇంజన్లు మిగిలాయి. ఒకటి బావ పాతదాని జాతే. పెద్ద సిలిండర్లు, అరవైకి తక్కువ గుర్రాలు. సిలిండర్లను ఇక పెద్దవి చేయడానికి వీల్లేనంతగా ఒకసారి చెక్కేశారు. నలుపు పొగ, చెవులు పగిలే చప్పుడు. రెండోది ఒక కారులోంచి తీసిన టర్బో ఇంజన్. చిన్నది, బరువు తక్కువ, ఎనభై గుర్రాల పైమాట. నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ ఇంచుమించు ఒకే అంకె చూపించింది, అంటే లోపల అరుగుదల లేదు. ఆ మీటరు ముల్లు నాలుగుసార్లూ ఒకే చోటికి వచ్చి నిలవడం చూస్తే నాకు ప్రాణం లేచివచ్చింది. మెకానిక్‌కు కూడా దాని మీదే మనసు. "సార్, ఇదు పోట్టా వండి పరక్కుం" అన్నాడు, దీన్ని వేస్తే బండి ఎగురుతుందని.

నేను రెండింటినీ పక్కపక్కన పెట్టి లెక్క వేశాను. గుర్రాలు, బరువు, లీటరుకు వచ్చే దూరం, విడిభాగాలు దొరికే వీలు. ప్రతి వరుసలోనూ చిన్నదే గెలిచింది. మోకాలికి నా లెక్కలో వరుస లేదు. దాన్ని ఏ అంకెతో కొలవాలో తెలియక వదిలేశాను. తెలియని దాన్ని సున్నా అనుకోకూడదని బోరు తవ్వించేవాళ్ళకు రోజూ చెప్పేది నేనే.

బావకు ఫోన్ చేసి చెప్పాను. "అది చిన్నదంటావు గదా, అడుగు వేగంలో పట్టు ఉంటుందా? నా కాలు..." అన్నాడు.

"ఎనభై గుర్రాలు బావా! కాలిదేముంది?"

"సరి సరి. నువ్వు జూసినావంటే చాలు."

కాలిదేముంది. ఈ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆయన అడిగిందల్లా ఆ ఒక్కటే.

ఇంజన్ బిగించారు. పాత గేరు పెట్టెకు అతికేలా మధ్యలో ఒక ఇనుప పలక చేయించాం. ఆర్‌టీవో ఆఫీసులో పుస్తకంలో ఇంజన్ నంబరు మార్పించాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నేనూ బావా అక్కా ముగ్గురం కొండ మీద గుడికి ఎక్కాం. చక్కటి తారు రోడ్డు, వెనక ఖాళీ. జీపు గాలిలా పోయింది. మలుపుల్లో అక్క చీర కొంగు అదిమి పట్టుకుని, "ఒరే, ఇది జీపా ఏరోప్లేనా?" అంది. పైన దిగాక బావ బానెట్ మీద చెయ్యి వేసి, "సెమ పికప్పు" అని అరవంలో మెచ్చుకున్నాడు. నేను దణ్ణం పెట్టుకున్నది దేవుడికా, నా లెక్కకా అంటే ఇప్పుడు చెప్పడం కష్టం.

ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా బండి ఎట్లా ఉందని అడిగేవాణ్ణి. "దానికేం, రాజా మాదిరి ఉండాది" అనేవాడు. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ మా బామ్మర్ది ఎంచిన ఇంజనని చెప్పేవాడట. నేనూ తిరువళ్ళూరులో ఒకరిద్దరికి చెప్పుకున్నాను.

వానలు తగ్గాక వాగు అవతలి ఊరి నుంచి ఒక నేతాయన బోరుకు మోటారు కావాలన్నాడు. చూసి చెబుదామని బావతో జీపులో వెళ్ళాను. వెనక పడుగులు, నూలు మూటలు నిండుగా ఉన్నాయి.

ఊళ్ళు వచ్చేదాకా బాగానే ఉంది. ఊళ్ళలో మొదలైంది. ప్రతి ఇంటి ముందూ ఆగాలి, కదలాలి. కదిలేటప్పుడు ఇంజన్ మూలిగేది. క్లచ్ సగం తొక్కిపట్టి, యాక్సిలరేటర్ గట్టిగా ఇస్తేగానీ లాగదు. టర్బోకు ఊపిరి అందేది వేగం వచ్చాకే. పాత ఇంజన్ బలమంతా మనిషి నడక దగ్గరే ఉండేది. బోరు మోటారు స్విచ్ వేస్తే ఆపేదాకా ఒకే వేగంలో తిరుగుతుంది, దాని గుర్రాలు ఎప్పుడూ అన్నీ పనిలోనే ఉంటాయి. జీపు ఇంజన్‌ను కూడా నేను అలాగే లెక్కపెట్టాను. ఇంజన్‌కు అంటించిన రేకు మీద రాసిన గుర్రాలు ఏ వేగం దగ్గర లేస్తాయో చూడలేదు.

వాగులో దిగాం. నడిమధ్యలో ఇంజన్ చచ్చిపోబోయింది. బావ క్లచ్ తొక్కాడు. వదిలాడు. మళ్ళీ తొక్కాడు. కాలిన వాసన వచ్చింది. మూడోసారి ఆయన ఎడమచెయ్యి స్టీరింగ్ మీద లేదు. ప్యాంటును తొడ దగ్గర పిడికిట పట్టుకుని, కాలిని చేత్తో ఎత్తి క్లచ్ మీద పెట్టి నొక్కుతున్నాడు. నేను చూస్తున్నానని తెలిసి, "వాన ఇసక బామ్మర్దీ, లూజుగా ఉండాది" అన్నాడు.

గట్టెక్కాక ఒక ముసలామె ఆసు మీద నూలు తిప్పడం ఆపి నవ్వింది. "ఏం సామీ, కొత్త ఇంజనంటివే? మా ఎనుము దూడ మాదిరి ఎగిరెగిరి వస్తా ఉండాది!"

"దూడే అవ్వా, వయసులో ఉండాది. ఇదో, తెచ్చిన మారాజు ఈయనే, బాగా చూసుకో."

ఆమె నన్ను చూసి చేతులు జోడించింది. నాకు తల ఎత్తాలనిపించలేదు. బోరు లోతు అడిగి, మోటారు సైజు చెప్పడానికి నోరు రాక, తర్వాత ఫోన్ చేస్తానన్నాను.

సాయంత్రం కొట్టు వెనక ఇంట్లో అక్క వేడినీళ్ళ గిన్నె, గుడ్డ తెచ్చి బావ ముందు పెట్టింది. ఇది రోజూ జరిగేదేనని ఆమె చేతులు చూస్తే తెలిసింది. ఆయన ప్యాంటు పైకి మడిచాడు. మోకాలు మోకాలిలా లేదు.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"నువ్వు ఇంజను తెచ్చిన కాణ్ణించి" అంది అక్క.

"నువ్వు ఊరుకో. అలవాటైపోతుంది" అన్నాడు బావ.

"ఏం అలవాటు? ఇంజను మార్చరా అంటే మనిషినే మార్చేస్తా ఉండావు గదరా నువ్వు! నీ లెక్కలో ఈ కాలు యాడుండాది చెప్పు?"

"వాణ్ణెందుకు తిడతావు? వాడేమన్నా డాక్టరా?" అంటూ బావ ఆమెను ఆపాడు. నన్ను తిడితే బాగుండునని నేను ఆయన వైపు చూశాను. ఆయన గిన్నెలో గుడ్డ ముంచుకుంటున్నాడు.

మర్నాడే మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఆ రెండో ఇంజన్ ఎప్పుడో అమ్ముడుపోయింది. అటువంటిది ఇంకొకటి వెతుకుతానన్నాడు, ఇప్పటికీ దొరకలేదు. జీపు కిందికి దూరి చూస్తే ఇంకొకటి బయటపడింది. ఇసుకలకూ గుట్టలకూ వేసుకునే తక్కువ గేరు ఒకటి అలాంటి బండ్లకు విడిగా ఉంటుంది. దాని పళ్ళు ఎప్పుడో అరిగి నిలవకుండా పోయాయి. పాత ఇంజన్‌కు దాని అవసరమే రాలేదు గనుక బావ పట్టించుకోలేదు. కొత్త ఇంజన్‌కు అది ఉండి తీరాలి. నేను ముందే అడిగి ఉంటే తెలిసేది. బోరుకు మోటారు ఇచ్చేటప్పుడు పాత పైపు తుప్పు పట్టిందా అని అడగకుండా నేను ఎవరికీ ఇవ్వను.

ఆ పళ్ళు మార్పించాను. వాగు దాటడం సులువైంది. కానీ ఇళ్ళ ముందు ఆగడం, కదలడం ఉండనే ఉన్నాయి. ఈలోగా తిరువళ్ళూరులో ఎముకల డాక్టరు మోకాలు ఫొటో తీయించి, ఇక క్లచ్ తొక్కవద్దని బావతో నా ఎదుటే చెప్పాడు. అదివరకే అరిగిన మోకాలేనట, ఎప్పుడో ఒకప్పుడు ఇది రావలసిందేనట. అక్క ఆ మాట నాకు ఊరటగా రెండుసార్లు చెప్పింది. ఎప్పుడో ఒకప్పుడు అన్నదాన్ని ఈ ఏడాదికి తెచ్చింది ఎవరో నాకు తెలుసు.

డాక్టరు దగ్గర నుంచి బయటికి వచ్చాక బావతో అన్నాను. "తప్పు నాది బావా. నువ్వు అడిగింది ఒకటి, నేను తెచ్చింది ఒకటి."

ఆయన టీ కొట్టు బల్ల మీద కాలు చాపి కూర్చున్నాడు. "నేను మాత్రం? ఫోన్లో గట్టిగా వద్దనొచ్చు గదా. నువ్వు లెక్కేసినావంటే మేమంతా నోరు మూసుకుంటాం. అది మా తప్పు." తర్వాత గ్లాసు కింద పెట్టి, "ఇంక గల్లాపెట్టేనా బామ్మర్దీ నాకు?" అన్నాడు. నవ్వుతూనే అడిగాడు. జవాబు కోసం మాత్రం నా మొహంలోకి చూశాడు.

అప్పటి నుంచి సరుకు వెళ్ళే రోజున నా కొట్టు మా ఆవిడకు అప్పజెప్పి నేను తిరుత్తణి వెళ్తున్నాను. జీపు నేను నడుపుతాను. బావ పక్క సీట్లో కూర్చుంటాడు. డ్రైవర్ను పెట్టుకోవచ్చు గదా అని అక్క అంది. వేరే మనిషి నడిపే బండిలో ఆయన ఎక్కనన్నాడు. నేను వేరే మనిషిని కానని ఆయన అనుకోవడం కూడా నాకు బరువుగానే ఉంది. రెండు మూడు ఊళ్ళు తిరిగేసరికి నా ఎడమకాలు కూడా వణుకుతుంది. నా మోకాలు మంచిది. అప్పుడప్పుడు ఆయన కాలు ఎలా ఓర్చుకుందో ఊహించబోయి మానుకుంటాను.

మొదటిసారి నేను నడుపుతూ వాగు దాటిన రోజు ఊళ్ళోవాళ్ళు చుట్టూ చేరారు. ఆయన ఇటు పక్క కూర్చోవడం వాళ్ళెప్పుడూ చూడలేదు.

"ఏం అయ్యా, నువ్వు తోల్లేదా?" అని ఒకాయన అడిగాడు.

నేను చెబుదామని నోరు తెరిచాను. ఇంజన్ ఎంచింది నేను, అందుకే ఈయన నడపలేకపోతున్నాడు అని చెప్పాలని దారంతా మాటలు పేర్చుకున్నాను కూడా.

బావ నాకంటే ముందే అందుకున్నాడు. "మా బామ్మర్దికి తోలేది నేర్పిస్తా ఉండాను. ఎన్నాళ్ళు బోర్లల్లో మోటార్లు దించతాడు, పాపం? మంచి పనొకటి నేర్చుకోనీ."

అందరూ నవ్వారు. ఒకాయన నా భుజం తట్టి, మెల్లగా వస్తుందిలే అన్నాడు. నేను తల ఊపి, వెనక తలుపు తీసి పడుగులు దించడం మొదలుపెట్టాను. బావ దిగలేదు. ఎడమకాలు తలుపు బయటికి చాపుకుని, ఏది ఎవరి ఇంటికో అక్కడి నుంచే చెబుతూ ఉన్నాడు.