ఇంటి దీపం ఎలిగినంకనే

ఆ లైట్ల మేస్త్రి పేరు నేను అడగలేదు. కర్మన్‌ఘాట్‌లో మాకు మిగిలిన పాత ఇంటిని దయ్యాల కొంపగా చూపిస్తామని సినిమావాళ్లు కిరాయికి అడిగారు. తాతగారి ఇంటికి ఆ పేరు రావడం కంటే అది కూలిపోవడమే మేలనిపించినా, పైకప్పు బాగుచేయించాలని ఒప్పుకున్నాను.

షూటింగ్ మొదలయ్యే సాయంత్రం వీధిలో పెద్ద లైట్లు నిలబెట్టించి, జనరేటర్ మోగుతుండగానే ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"పటేలా, ఇంట్ల దీపం పెట్టిన్రా? ఇంటి దీపం ఎలిగినంకనే నా లైటు."

ఏ షూటింగ్‌లోనైనా ఆయన ఇలాగే అడుగుతాడట. మా ఇంట్లో అమ్మ పోయాక దీపం పెట్టినవాళ్లు లేరు. నేను లోపలికి వెళ్లి ప్రమిద వెతికి కిటికీలో వెలిగించాను. అప్పుడు ఆయన చెయ్యి ఊపాడు. పెద్ద లైట్లు వెలిగి వీధంతా వెన్నెల పరుచుకుంది.

"దయ్యాల కొంపలో దీపమేంటయ్యా? ఆర్పించు!" అని డైరెక్టర్ అరిచాడు.

"పటేల్ పెట్టిన దీపం నేనెట్ల ఆర్పుత సార్? దయ్యాన్నే బయట నిలబెట్టుండ్రి."

అందరూ నవ్వారు. చివరికి డైరెక్టరూ నవ్వాడు.

సినిమాలో దయ్యం మా గేటు బయటే తిరుగుతుంది. కిటికీలో దీపం వెలుగుతుంటుంది. ఆ దీపం నేనిప్పుడు రోజూ పెడుతున్నాను.