బ్రెడ్డు మిషన్‌లో పాతపిండి

రాసుకో. బ్రెడ్డు మిషన్ ఉంచుకోవాలా, వెనక్కి పంపాలా అని మన ఇంట్లో జరిగిన గొడవ చెబుతాను. మధ్యలో నవ్వావంటే ఆపేస్తాను.

మాకు బ్రెడ్డంటే జ్వరం. ఒళ్లు కాలిపోతుంటే పాలల్లో ముంచి పెట్టేవాళ్లు. బాగున్నవాళ్లు కొనబోతే ఇంట్లో ఎవరికి బాగలేదని అంగడివాడే అడిగేవాడు. అలాంటిదాన్ని ఇంట్లో కాల్చుకోవడానికి నా కోడలు, అదే మీ అమ్మ, మిషన్ తెప్పించింది. చూడ్డానికి మూత పెట్టిన బకెట్టులా ఉంది. వంటగట్టు మీద జాగా లేదని నా గ్రైండర్ దించి వరండాలో పెట్టింది. నా కోపమంతా అక్కడే మొదలైంది.

మీ అమ్మ బాధ వేరు. కోట ఊళ్లో బడికి పాఠాలు చెప్పడానికి పోవాలంటే ఏడింటి బస్సు అందుకోవాలి. అందుకని అయిదింటికే లేచి అందరికీ దోసెలు పోయాలి. మిషన్‌లో టైము పెట్టి పడుకుంటే తెల్లారేసరికి బ్రెడ్డు తయారు, తనకు ఇంకో గంట నిద్ర. పది రోజుల్లో నచ్చకపోతే తిరిగి ఇచ్చేయొచ్చట. నా ఆశంతా ఆ పది రోజుల మీదే.

ముందు ఆదివారం పగలు వేసి చూద్దామని పిండి, నీళ్లు, ఈస్టు కొలిచి పోసింది. మూత ముట్టుకోవద్దని నాకు చెప్పి బట్టలు ఆరేయడానికి మిద్దెక్కింది. పొయ్యి మీద గిన్నె ఉంటే మూత తీసి చూడకుండా ఉండగలిగే ఆడది మన వంశంలో పుట్టలేదు. తీశాను. లోపల పిండిముద్ద బద్ధకంగా పడి ఉంది, ఉబ్బే ఆలోచనే లేదు. కొత్త పిండి పులవకపోతే పాతపిండి కాస్త కలపడం మన పద్ధతి. ఫ్రిజ్‌లో మూడు రోజుల దోసెపిండి ఉంది. ఒక గరిటె వేసి, మూత పెట్టి, ఏమీ ఎరగనట్టు టీవీ ముందు కూర్చున్నాను.

మూడు గంటల తర్వాత ఇటుక బయటికొచ్చింది. మీ తాత కొరికి, పన్ను ఉందో లేదో వేలితో తడుముకుని, దీన్ని రొయ్యల గుంట కట్టకు వేస్తే ఈ జన్మలో గండి పడదన్నాడు. మీ అమ్మ నవ్వలేదు. మిషనే మంచిది కాదనుకుని, వెనక్కి పంపడానికి వైరు చుట్టి డబ్బాలో పెట్టేసింది.

నాకు కావలసింది అదే. నోరు మూసుకుంటే చాలు, గట్టు నాది. సోమవారం పొద్దున మీ అమ్మ దోసె పోస్తూ నిలబడే కునికింది. దోసె మాడి పొగ కమ్ముతున్నా చెయ్యి కదల్లేదు. పెనం నేనే దించాను.

"అది వాపసు ఇయ్యబాకమ్మే," అన్నాను. "మూత తీసింది నేనే. పాతపిండి కూడా వేసినా."

కళ్లు నులుముకుని నా వంక చూసింది. "ఎంత వేసినావత్తా?"

"గరిటెడే."

"ఏ గరిటె?"

సాంబారు గరిటె చూపించాను. అప్పుడు నవ్వింది చూడు, బస్సు పోయేదాకా నవ్వింది.

తర్వాతి ఆదివారం నన్ను బుచ్చి ఊళ్లో చుట్టాలమ్మాయి పెళ్లిచూపులకు పంపించి మళ్లీ వేసింది. మెత్తగా వచ్చింది. తినడానికైతే అంత మిషన్ దండగని ఇప్పటికీ అంటాను. కానీ ఇప్పుడు అయిదింటికి నేను లేచి తొంగి చూస్తే మీ అమ్మ నోరు తెరుచుకుని గురక పెడుతూ ఉంటుంది. ఆ గురక మాత్రం రాయబాకు, చదివిందంటే నన్ను చంపుతుంది.