నల్లమల ఘాట్‌లో కొండ జారిన ఉదయం

అరవైల మొదట్లో, కార్తీకమాసపు తుపానుకు రైలు కట్టలు తెగిపోయాయి. నంద్యాలలో మా అక్కకు నెలలు నిండాయి. రైళ్లు నడిచేదాకా ఆగమని నాన్న ఎంత చెప్పినా అమ్మ వినలేదు. బాలింతకు కావలసినవన్నీ మూటగట్టి, నన్ను తోడు తీసుకుని తెల్లవారుజామునే గుంటూరులో బస్సెక్కింది. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం మీదుగా గిద్దలూరు చేరేసరికి పొద్దుగూకింది. దారి పొడవునా పత్తి చేలల్లో నీళ్లు నిలిచే ఉన్నాయి, మిరప మొక్కలు తలలు వాల్చేశాయి. ఆ రాత్రి సత్రంలో పడుకుని, పొద్దున్నే నంద్యాల బస్సు పట్టుకున్నాం.

ఘాట్ ఎక్కుతుంటే మళ్లీ వాన మొదలైంది. ఒక మలుపు దగ్గర అటవీ శాఖ వాళ్లు పాత చెట్లు కొట్టేసి, టేకు మొక్కలు నాటిన వాలు ఉంది. అక్కడ దారికి అడ్డంగా బురద, రాళ్లు. డ్రైవరు మస్తాన్ గారు బస్సు ఆపి పైకి చూశారు. మొక్కలు, మొద్దులు నిలువుగా నిలబడే కిందికి జరుగుతున్నాయి.

"సామాను వదిలేయండి. అందరూ దిగి వెనక్కి నడవండి," అన్నారు.

మూట అందుకోబోయిన అమ్మను చెయ్యి పట్టి లాగాను. వెనక సీట్లో ఒక ముసలాయన మాత్రం మిరప విత్తనాల సంచి కోసం సీటు కింద వెతుకుతున్నాడు. మస్తాన్ గారు మళ్లీ ఎక్కి ఆయన్ని కిందికి తోసేశారు. తాను దిగేలోపు కొండ వచ్చి పడింది. ఇంజను కంటే పెద్ద చప్పుడు. తర్వాత చూస్తే బస్సు ఒక పక్కకు ఒరిగి ఉంది, తలుపు దగ్గర మస్తాన్ గారు ఛాతీ దాకా మట్టిలో ఉన్నారు.

మగవాళ్లు పైకి చూస్తూ తటపటాయిస్తుంటే అమ్మ ముందు నడిచింది.

"రావద్దమ్మా, పైన ఇంకా కదులుతోంది," అన్నారు మస్తాన్ గారు.

"నువ్వు మాట్లాడకు నాయనా. ఊపిరి తీసుకో," అంటూ చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. దాంతో అందరం కూర్చుని తవ్వాం. గులకరాళ్లు వీపుల మీద పడుతూనే ఉన్నాయి. ఆయన్ని బయటికి లాగి, ఎవరో కప్పుకున్న దుప్పట్లో మోసుకుంటూ మలుపు దాటామో లేదో, రెండోసారి జారిన మట్టి బస్సును కప్పేసింది. కాలు విరిగింది గానీ మస్తాన్ గారు బతికారు.

వెనక్కి గిద్దలూరు వచ్చి ఆగాం. రైళ్లు నడిచాక నంద్యాల చేరేసరికి అక్క అప్పటికే ప్రసవించింది. అమ్మ గోళ్లు ఊడి, వేళ్లకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. బిడ్డను అందిస్తే, "చేతులకొద్దు, ఒళ్లో పడుకోబెట్టు," అంది.

ఆ రోజు ఎవరు ధైర్యవంతులని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. అమ్మకూ భయమేసిందట, ఆ మాట చాలా ఏళ్లకు చెప్పింది. మీరు ఆ దారిన వెళ్లేట్టయితే, తుపాను వెలిసిన వెంటనే ఘాట్ ఎక్కకండి, గిద్దలూరులో ఆగండి. చెట్లు కొట్టేసిన వాలు కింద బండి ఆగితే, సామాను కోసం చూడకుండా దిగి వచ్చిన దారినే నడవండి.