పింగాణీ మూత మీద నల్ల మచ్చ

మొగుడికి అన్నంలో 'మందు పెట్టింది' అన్న ఒక్క మాట చాలు, మా సీమలో ఆడమనిషి బతుకు బండలవడానికి. యాభైలలో కర్నూలు సభల్లో ఈ మూఢత్వాన్ని చీల్చి చెండాడేవాణ్ణి. చప్పట్లు కొట్టినవాళ్లే ఇంటికి పోయి మందు కక్కించేవాణ్ణి పిలిచేవాళ్లు.

ఆలూరు దగ్గరి పల్లెలో ఒక రైతుకు తరచూ కడుపునొప్పి, వాంతులు. ఆసుపత్రిలో కడుపులో పుండు అన్నారు. కక్కించేవాడు మాత్రం పెళ్లాం పాషాణం పెట్టిందన్నాడు. రైతు తల్లి అదే నమ్మింది. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే నా మిత్రుడి చేత పరీక్ష చేయిద్దామని ఊరి పంచాయితీని నేను ఒప్పించాను. పాషాణం తేలితే కోడలు శాశ్వతంగా పుట్టింటికి పోవాలని వాళ్ల షరతు. అత్త ఆమె వండిన పప్పును ముంతలో కట్టుకుని, ఆమెనూ, ఊరి పెద్దమనిషినీ వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చింది.

మిత్రుడు పప్పును ఆమ్లంలో కరిగించి, ఆ రసాన్ని జింకు ముక్కలున్న గాజుబుడ్డిలో పోశాడు. పైకొచ్చిన వాయువును వెలిగించి, మంటకు చల్లటి పింగాణీ మూత అడ్డుపెట్టాడు. పాషాణం, అంటే ఆర్సెనిక్, రవ్వంత ఉన్నా మూత మీద నల్ల మచ్చ పడుతుంది.

పడింది.

"చూస్తివాప్పా, నేను చెప్పలా" అంది అత్త. పెద్దమనిషి కండువా దులుపుకుని లేచాడు. కోడలు గోడవారన కూలబడింది.

మిత్రుడు అందర్నీ కూర్చోమన్నాడు. బుడ్డి కడిగి, పప్పు రసం లేకుండా, అదే ఆమ్లం, అదే జింకు వేసి మళ్లీ మంట పెట్టాడు. అంతే మచ్చ! తన సరుకులోనే పాషాణం ఉందని, ఈ పరీక్ష చెల్లదని వాళ్లకు చెప్పాడు. ముంతలో మిగిలిన పప్పును సీసాలో పోసి, లక్క ముద్ర వేసి, దాని మీద పెద్దమనిషి చేత వేలిముద్ర పెట్టించాడు. మద్రాసు నుంచి శుద్ధమైన జింకు, ఆమ్లం వచ్చేదాకా కోడలు మా ఇంట్లోనే ఉంది.

రెండోసారి అందరూ వచ్చారు. ముందు వట్టి ఆమ్లం, జింకు: మూత తెల్లగా ఉంది. తరువాత, ముద్ర విప్పి, సీసాలోని పప్పును కొత్త ఆమ్లంలో కరిగించిన రసం: తెల్లగానే ఉంది. అంతటితో ఆపి ఉంటే నేనైనా తృప్తి పడేవాణ్ణి. మిత్రుడు ఆగలేదు. కంటికి ఆననంత పాషాణాన్ని అదే రసంలో తానే కలిపి మంట పెట్టాడు. మచ్చ పడింది. ఉంటే దొరికేదని అందరికీ తెలిసిపోయింది. తన చేతినే ముందు అనుమానించే మనిషిని నేను మొదటిసారి అప్పుడే చూశాను. నా ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ తెల్ల మూతకు సాటి రావు.

మందు పెట్టడమన్నదే బూటకమని వీళ్లకు చెప్పమని అతన్ని పోరాను.

"నేను చూసింది ఈ పప్పును. దీంట్లో లేదు. అంతే చెప్తా" అన్నాడు.

అత్త చాలాసేపు మూతను తిప్పి చూసింది. చివరికి కోడలి చెయ్యి పట్టుకుని, "పదమ్మా, ఇంటికి పోదాం" అంది.

కోడలు చెయ్యి విడిపించుకోలేదు.

"వస్తా అత్తా. నీ కొడుక్కు సంగటి మాత్రం ఇంగ నువ్వే పెట్టుకో."